మైదుకూరు ఆరు… తగల్లేదు నాయనా!

ఫోన్‌లో డబ్బు ఆటలకు చట్టం తలుపు వేసింది. అదే ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టే పాత ఆట ఒకటుంది. ఒకరు దాచాలి, ఇంకొకరు కనిపెట్టాలి. అంతే!

శుక్రవారం. బద్వేలులో రాత్రి ఏడున్నర. మిద్దె ఇంటి వసారాలో నీళ్ల చెంబుకు ఆనించిన సెల్‌ఫోన్. ఫోన్ ముందు ఏడో తరగతి పాప బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో గళ్ల నోటు పుస్తకం. రాసింది ఫోన్‌లో కనబడకుండా ఎడమ చేతిని అడ్డం పెట్టుకుంది. తెర మీద వాళ్ల నాయన. కువైట్‌లో ఆయన గదిలో గడియారం ఐదు చూపిస్తోంది. సెలవు రోజు కాబట్టి బండి తాళాలు పక్కన పెట్టి ఆయన కూడా ఓ కాగితం, పెన్సిలు పట్టుకున్నాడు.

"అమ్మీ, మైదుకూరు ఆరు."

"తగల్లేదు నాయనా!"

"అట్లనా!" పాప తన వంతు ఆడాక మళ్లీ నాయన అడిగాడు: "అయితే పోరుమామిళ్ల మూడు."

పాప పెన్సిలు ఆగింది. మొహం చిన్నబోయింది. "తగిలింది" అంది మెల్లగా. పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న జేజి నవ్వింది. "నీ మొగం జూస్తేనే తెలిసిపాయె గదమ్మీ" అంటూ పుస్తకంలోకి తొంగి చూడబోయింది. పాప గబుక్కున పుస్తకం మూసేసింది. ఆటలో జేజికీ మాఫీ లేదు.

మైదుకూరు, పోరుమామిళ్ల ఇక్కడ ఊళ్లు కావు, గళ్ల వరసల పేర్లు. అట్లూరు, కడప, గోపవరం, జమ్మలమడుగు, పోరుమామిళ్ల, బద్వేలు, మైదుకూరు, రాజంపేట, వేంపల్లె, సిద్ధవటం. నిలువునా పది ఊళ్లు, అడ్డంగా ఒకటి నుంచి పది. మొత్తం నూరు గళ్లు. ఆ గళ్లలో ఎక్కడో ఐదు ఓడలు దాక్కుని ఉంటాయి. ప్రపంచమంతా 'బ్యాటిల్‌షిప్' అని పిలిచే ఆట ఇదే. ఇంగ్లిష్ అక్షరాల బదులు ఊరి పేర్లు పెట్టుకోవడానికి కారణం ఉంది. లైను సరిగా లేనప్పుడు బీ అన్నది డీగా, పీ అన్నది టీగా వినిపిస్తుంది. బద్వేలు అంటే బద్వేలే. ఎంత గరగరలోనైనా కడపవాళ్లకు అది ఇంకో ఊరిలా వినబడదు.

ఉమ్మడి కడప జిల్లాలో ఇలాంటి కాల్ రాని వీధి తక్కువ. బద్వేలు, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు బతుకుతెరువు కోసం పోవడం దశాబ్దాల నాటి సంగతి. డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా, వంటవాళ్లుగా పోయినవాళ్లు రోజూ ఫోన్ చేస్తూనే ఉంటారు. మొదటి ఐదు నిమిషాల్లో "తిన్యావా, బడికి పోయినావా, దుడ్లు అందినాయా" అయిపోతాయి. ఆ తర్వాత పిల్లలకూ తండ్రికీ మాటలు దొరకవు. ఆ మౌనాన్ని పూడ్చడానికి ఆటకు మించిన సాధనం లేదు. ఆడుతున్నంతసేపూ తండ్రి పాప మొహాన్నే చూస్తుంటాడు. ఎక్కడ దాచిందో ఆ మొహంలోనే వెతుక్కోవాలి మరి.

ఇప్పుడే ఎందుకీ మాట?

ఫోన్‌లో ఆట అనగానే తల్లిదండ్రులు ఉలిక్కిపడే కాలం ఇది. అందుకు తగ్గ కారణాలే ఉన్నాయి. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లలో జీతాలు, పంట డబ్బులు, అప్పు తెచ్చిన సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాల కథలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విన్నాం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను అడ్డుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది. లోక్‌సభ 20న, రాజ్యసభ 21న ఆమోదించగా, 22న రాష్ట్రపతి సంతకమైంది.

ఈ చట్టం ఆటలను మూడు రకాలుగా చూస్తుంది. పోటీ క్రీడగా ఆడే ఈ-స్పోర్ట్స్ ఒకటి. కాలక్షేపానికీ, నేర్చుకోవడానికీ ఆడే సోషల్ గేమ్స్ రెండోది. పందెం కాసి ఆడే మనీ గేమ్స్ మూడోది. నిషేధం మూడోదానికే. డబ్బు ఆట నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ప్రకటనలు ఇచ్చినా శిక్ష ఉంది. ఆడినవాడిని మాత్రం చట్టం నేరస్థుడిగా చూడలేదు, బాధితుడిగానే చూసింది. సరైన పని.

ఈ చట్టం మీద చర్చలో జనం కంట పడనిది రెండో రకం. గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. బద్వేలు వసారాలో నడుస్తున్నది అదే. ఫోన్‌లో ఆటలన్నీ పాడు ఆటలేనని పిల్లల చేతిలోంచి ఫోన్ లాగేసే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇసుకలో పుల్ల నుంచి

దాచడం, కనుక్కోవడం మనకు కొత్త కాదు. సగిలేరు ఇసుకలోనో, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక కుప్ప మీదో పిల్లలు ఆడే ఆటను ఎవరైనా గుర్తుకు తెచ్చుకోవచ్చు. మూరెడు పొడవున ఇసుకను సన్నని గట్టులా పోస్తారు. ఒకరు చిన్న పుల్లను రెండు వేళ్ల మధ్య పట్టుకుని గట్టులోకి చేయి దూర్చి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కదిలిస్తూ ఎక్కడో ఒకచోట వదిలేస్తారు. ఎదుటివారు రెండు చేతులూ కలిపి గట్టు మీద ఒకచోట కప్పాలి. పుల్ల ఆ చేతుల కింద ఉంటే గెలిచినట్టు. దాచేవాడి ముంజేయి ఎక్కడ క్షణం ఆగింది, కళ్లు ఎటు పోయాయి అన్నదే ఆధారం.

పిడికిట్లో చింతగింజలు పట్టుకుని సరా, బేసా అని అడిగేదీ ఆ జాతి ఆటే. చీటీల మీద రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని రాసి, మడిచి విసిరి, దొంగెవరో మొహాలు చూసి పట్టేదీ అదే. నట్టింట్లో, బడి చివరి బెంచీలో, రైలు పెట్టెలో తరాల తరబడి ఇవి ఆడుతూనే ఉన్నాం.

ఓడల ఆట పుట్టిందీ ఇలా కాగితం మీదే. మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటికే జనం దీన్ని పెన్సిలుతో గళ్లు గీసుకుని ఆడేవారని చెబుతారు. 1931లో అమెరికాలో 'సాల్వో' పేరుతో అచ్చేసిన కాగితాల కట్టగా అమ్మారు. 1967లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ ప్లాస్టిక్ పెట్టెలు, గుచ్చే మేకులతో బజారులోకి తెచ్చాక ఇంటింటి ఆట అయింది. కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చిన తొలిరోజుల్లోనే, 1970ల చివరలో, వాటిలోకీ ఎక్కింది. కాగితం నుంచి ప్లాస్టిక్‌కు, అక్కణ్నుంచి తెరకు ఇన్ని మెట్లు ఎక్కినా నియమాలు దాదాపు అవే ఉండిపోయాయి.

ఆడేదెట్లా?

ఒక్కొక్కరికి రెండు చదరాలు కావాలి. మొదటిదాంట్లో తన ఓడలు దాచుకోవాలి. రెండోది ఖాళీ. ఎదుటివారి మీద తాను వేసిన దెబ్బలు అందులో గుర్తు పెట్టుకోవాలి. ఓడను అడ్డంగానో నిలువుగానో పెట్టాలి, ఐమూలగా పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఆట మొదలయ్యాక కదపకూడదు.

వంతులవారీగా ఒక్కో గడి పేరు చెప్పాలి. ఎదుటివారు నిజం చెప్పాలి. తగిలితే తగిలిందనాలి, లేకుంటే తగల్లేదనాలి. ఓడలోని గళ్లన్నీ తగిలితే "మునిగింది" అని చెప్పాలి. తగిలినచోట ఇంటూ, తగలనిచోట చుక్క. ఐదు ఓడలూ ముందుగా ముంచినవారిదే గెలుపు.

> ఐదు ఓడలు, పదిహేడు గళ్లు
> విమానవాహక నౌక: 5 గళ్లు
> యుద్ధనౌక: 4
> క్రూయిజర్: 3
> జలాంతర్గామి: 3
> డిస్ట్రాయర్: 2
> నూరు గళ్లలో ఓడలున్నవి 17 మాత్రమే. మిగిలిన 83 ఖాళీ సముద్రం. సముద్రం చూడని పిల్లలు ఓడల బదులు ఆర్టీసీ బస్సులు పెట్టుకున్నా నియమం మారదు.

ఆన్‌లైన్‌లో అయితే కాగితం పని ఉండదు. ఈ ఆట ఉన్న సైటు తెరిచి 'స్నేహితుడితో ఆడండి' అనే మీట నొక్కితే ఒక లింకు పుడుతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపాలి. అవతలివాళ్లు దాన్ని తాకగానే ఇద్దరూ ఒకే బల్ల దగ్గరికి వచ్చినట్టే. చాలా సైట్లలో ఓడను వేలితో లాగి పెట్టొచ్చు, ఒకసారి తట్టితే అడ్డం నిలువవుతుంది. ఓడలన్నిటినీ కంప్యూటరే తోచినట్టు సర్దిపెట్టే మీట కూడా ఉంటుంది. సమయం లేనప్పుడు పనికొస్తుంది గానీ దాన్ని వాడితే ఆటలో సగం పోతుంది. దాచే సంతోషాన్ని యంత్రానికి ఎందుకివ్వాలి?

వంతుకు ఇన్ని సెకన్లని గడియారం పెట్టే పద్ధతి ఒకటి. తీరినప్పుడు ఒక్కో ఎత్తు వేసే పద్ధతి ఇంకొకటి. గల్ఫ్‌లో డ్యూటీ చేసేవాళ్లకూ, అమెరికాలో రాత్రి పగలు తారుమారైనవాళ్లకూ రెండోదే నయం. పొద్దున బండెక్కే ముందు ఒక గడి, రాత్రి పడుకునే ముందు ఒక గడి. ఒక ఆట వారాల తరబడి సాగుతుంది. సైటు నచ్చకపోతే నోటు పుస్తకం, ఫోన్ కాల్ ఎలాగూ ఉన్నాయి.

కాల్ త్వరగా ముగించాల్సి వస్తే 'సాల్వో' పద్ధతి మంచిది. వంతుకు ఒక్క గడి కాకుండా, తనకు మిగిలిన ఓడలెన్నో అన్ని గళ్లు ఒకేసారి చెప్పాలి. మొదట్లో ఐదేసి దెబ్బలు. ఓడ మునిగే కొద్దీ తగ్గుతాయి. దెబ్బ తిన్నవాడి చేయి బలహీనపడుతుంది కాబట్టి పోరు బిగుస్తుంది.

వెతికేవాడి తెలివి

తోచిన గడి చెప్పుకుంటూ పోతే ఏమవుతుంది? లెక్క వేసి చూడొచ్చు. చెప్పిన గడి మళ్లీ చెప్పకుండా, గుడ్డిగా వేసినా, పదిహేడు గళ్లూ దొరకడానికి సగటున 95 దెబ్బలు పడతాయి. అంటే దాదాపు నూరూ అయిపోవాలి. తెలివి వాడినవాళ్లు అందులో సగం దగ్గర ముగించగలరు. తేడా ఎక్కడ వస్తుందో పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

అన్నిటికంటే చిన్న ఓడకు రెండు గళ్లు. కాబట్టి చదరంగం బల్లలా గళ్లకు ఒకటి విడిచి ఒకటి నల్లరంగు వేశామనుకుంటే, ఏ ఓడైనా ఒక నల్ల గడి మీదయినా కూర్చోక తప్పదు. వెతకాల్సినవి నూరు కాదు, యాభయ్యే. రెండు గళ్ల ఓడ మునిగిపోయిందంటే ఇంకా సులువు. అప్పుడు మూడింటికొక గడి చాలు.

రెండోది, నడిబొడ్డు. ఐదు గళ్ల పెద్ద ఓడ మూలగడిని తాకుతూ నిలబడడానికి రెండే దారులు. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. అదే చదరం మధ్యలోని గడి మీదుగా పోవడానికి పది దారులున్నాయి. కాబట్టి మొదటి దెబ్బలు మధ్యలో పడాలి. తగిలిందా, ఇక అటూ ఇటూ తిరగకూడదు. పైన, కింద, కుడి, ఎడమ చూడాలి. రెండోది తగలగానే ఓడ అడ్డమో నిలువో తేలిపోతుంది. ఆ వరసలోనే పోవాలి.

కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది తగలని దెబ్బ. "తగల్లేదు" అన్న మాట విని నిరాశపడతారు గానీ అది కూడా సమాచారమే. ఒక వరసలో నాలుగు, ఎనిమిది గళ్లు ఖాళీ అని తేలితే మధ్యనున్న మూడు గళ్లలో యుద్ధనౌక అడ్డంగా పట్టదు. ఎక్కడ లేదో తెలిసే కొద్దీ ఎక్కడుందో దగ్గరవుతుంది. ఆట రుచంతా ఇక్కడే ఉంది.

దాచేవాడి మనసు

ఇంతవరకూ చెప్పింది కంప్యూటర్ కూడా చేస్తుంది, మనకంటే వేగంగా చేస్తుంది. అయినా మనిషితోనే ఎందుకు ఆడాలి? మనిషి తోచినట్టు దాచలేడు కాబట్టి. ఎంత తోచినట్టు పెట్టాననుకున్నా అందులో ఒక అలవాటు బయటపడుతుంది. ఒకరు అంచులకు అతికిస్తారు. ఒకరు ఓడకూ ఓడకూ మధ్య కచ్చితంగా ఒక గడి వదులుతారు. ఇంకొకరు పోయినసారి దెబ్బ తిన్న మూలకు ఈసారి అస్సలు పోరు. నాలుగాటలు ఆడితే ఎదుటివారి స్వభావం అంతుబడుతుంది. "నీవు అన్నీ అంచునే పెడ్తావు, నాకు ఎరికలే" అని తండ్రి అన్నాడంటే, తర్వాతి ఆటలో పాప అన్నిటినీ మధ్యలో పెడుతుంది. తండ్రికి అదీ తెలుసు.

గళ్ల పుస్తకంతో ఆడేటప్పుడు ఇంకో సంగతి. తగిలినా తగల్లేదనవచ్చు. ఓడను చెరిపి పక్కన గీయవచ్చు. ఆన్‌లైన్ సైటులో రహస్యం సర్వర్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆ బెంగ లేదు. కాగితం ఆటకు ఉపాయం ఉంది. మొదలు పెట్టేముందు ఇద్దరూ తమ కాగితాన్ని ఫొటో తీసి జేజి ఫోన్‌కు పంపాలి. ఆట అయ్యేదాకా జేజి చూపించదు. గొడవ వస్తే తీర్పు ఆమెదే. ఆటలో చేరని పెద్దలకు ఇంతకంటే గౌరవమైన పదవి లేదు. ఈ ఉపాయాన్ని ప్రతి ఇల్లూ వాడుకోవాలి.

విశాఖ తీరంలో అసలు వేట

ఆటలో ఓడ కదలదు, నిజం చెప్పక తప్పదు. యుద్ధంలో ఆ రెండు నియమాలూ ఉండవు. అందుకు మన తీరమే సాక్షి.

1971 నవంబరు మధ్యలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి బయల్దేరి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. అది వెతుకుతున్నది ఒక్క నౌకనే. భారత విమానవాహక నౌక విక్రాంత్. దాన్ని ముంచితే తూర్పు తీరంలో భారత్ చేయి విరిగినట్టే. తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను అండమాన్ దీవుల చాటుకు పంపించారు. విశాఖలో మాత్రం విక్రాంత్ ఉన్నట్టే నాటకం నడిపించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపింది. పెద్ద నౌకకు సరిపడా సరుకులకు బజారులో ఆర్డర్లు పెట్టారు. సమాచారం ఎలాగూ బయటికి పొక్కుతుందని వాళ్లకు తెలుసు. పొక్కాలనే వాళ్ల కోరిక.

ఘాజీ ఖాళీ గడి మీద కాపు కాసింది. డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖ రేవు దగ్గర మునిగిపోయింది. తొంభై మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీటి లోపల పేలే బాంబులే) ముంచాయని భారత నౌకాదళం చెబుతుంది. సొంత మందుపాతరల పేలుడు ప్రమాదమని పాకిస్థాన్ అంటుంది. వాదం నేటికీ తెగలేదు. ఈ కథను 2017లో సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' సినిమాగా తీశాడు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి దిగి ఇరుకు దారిలో నడిచిన పిల్లవాడికి నోటు పుస్తకంలోని మూడు గళ్ల బరువు తెలుస్తుంది. ఆ గళ్లలో మనుషులుంటారు.

> బద్వేలు అడవిలో దాగిన పిట్ట
> కనబడనిదాన్ని గుర్తులతో వెతికే పని బద్వేలు పక్కనే లంకమల అడవుల్లో నిజంగా జరిగింది. కలివి పొదల చాటున రాత్రిపూట తిరిగే కలివి కోడిని 1848లో టి.సి. జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఆ పిట్ట కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య సన్నని ఇసుక పట్టీలు పరిచి పొద్దున్నే అడుగుజాడలు చూశారు, కెమెరాలు కట్టారు. జాడ పడితే పిట్ట వచ్చినట్టు. పడకపోతే మాత్రం లేదని చెప్పలేరు. ఓడల ఆటకూ అడవికీ అదే తేడా.

గళ్లు కూడా అక్కర్లేని ఆట

కాగితం చేతికందని చోట, బస్సులో నిలబడి కూడా ఆడగలిగేది అంకెల ఆట. ఇంగ్లిష్‌లో 'బుల్స్ అండ్ కౌస్'. మన కాలేజీ హాస్టళ్లలో పేరు మోసిన ఆటే. మనసులో నాలుగు వేర్వేరు అంకెలు అనుకోవాలి. ఎదుటివారు ఒక సంఖ్య చెబుతారు. అంకె సరైనదై, చోటు కూడా సరైనదైతే ఎద్దు. అంకె సరైనదై చోటు తప్పైతే ఆవు. దాచినది 4729 అనుకుందాం. ఎదుటివారు 2754 అన్నారు. ఏడు తన చోటే ఉంది కాబట్టి ఒక ఎద్దు. రెండు, నాలుగు ఉన్నాయి గానీ చోట్లు మారాయి, రెండు ఆవులు. ఐదు లేనే లేదు. "ఒక ఎద్దు, రెండు ఆవులు" అన్నంతవరకే జవాబు. ఏ అంకె ఏదో చెప్పకూడదు.

సున్నా ముందు రావచ్చనుకుంటే ఇలాంటి సంఖ్యలు 5040 ఉన్నాయి. అయినా పక్కా పద్ధతిలో వెళితే ఏడు ప్రశ్నల్లో ఏదైనా దొరుకుతుంది. మెసేజీలో ఆడొచ్చు, మాటల్లో ఆడొచ్చు, నెట్ లేకపోయినా ఆడొచ్చు. ఇదే ఆటకు రంగు మేకులు తగిలించి ఇజ్రాయెల్‌కు చెందిన మోర్డెకాయ్ మైరోవిట్జ్ 1970లో 'మాస్టర్‌మైండ్' తయారుచేశాడు. ఆయన తపాలా శాఖలో పనిచేసినవాడు. నాలుగు చోట్లు, ఆరు రంగులు, 1296 అమరికలు. ఏ అమరికైనా ఐదు ఎత్తుల్లోపే తేలుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1977లో నిరూపించాడు. కరోనా కాలం చివర్లో పదాలతో ఊపేసిన 'వర్డిల్' ఈ ఇంటి మనవడే.

ఓడలు, అంకెలు అలవాటైపోయినవారికి 'బ్లాక్ బాక్స్' ఉంది. 1970ల్లో ఎరిక్ సాలమన్ కనిపెట్టిన ఆట. ఎనిమిదింటికి ఎనిమిది గళ్ల చదరంలో ఒకరు నాలుగైదు గోళీలు దాస్తారు. ఇంకొకరు అంచు నుంచి లోపలికి కిరణాన్ని పంపుతారు. గోళీకి నేరుగా తగిలితే కిరణం లోపలే మాయమవుతుంది, పక్కగా పోతే వంగి ఇంకోచోట బయటికొస్తుంది. ఎక్కడ దూరి ఎక్కడ తేలిందో చూసి లోపలేముందో చెప్పాలి. ఒంటిని కోయకుండా లోపలి చిత్రం చూపే సీటీ స్కాన్ అప్పుడప్పుడే వస్తున్న కాలం. సాలమన్‌కు స్ఫూర్తి అదే. ఈ ఆట కొంచెం కష్టం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పట్టుబడుతుంది.

లింకు తాకే ముందు

ఉచిత సైటు కదా అని కళ్లు మూసుకుని దూకకూడదు. పిల్లలకు 'తెలియనివారితో ఆడు' అనే మీట వద్దు. ఇంటివాళ్ల లింకుతోనే ఆడనివ్వాలి. చాట్ ఆపేసే వీలుంటే ఆపేయాలి. ఓడలు దాచే ఆటకు కాంటాక్టులు, ఫొటోలు, లొకేషన్ ఎందుకు? అడిగితే ఆ యాప్ తీసేయాలి. సైటు నడపడానికి నెలకింతని రుసుము తీసుకోవడం చట్టానికి విరుద్ధం కాదు. గెలిస్తే ఇంత ఇస్తాం, ముందు ఇంత వేయండి అన్నారంటే మాత్రం అది ఆట కాదు, పందెం. అక్కడికక్కడే మూసేయాలి.

> డబ్బు పోయిందా?
> యాప్‌లో గానీ, లింకు నొక్కి గానీ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక బడి సంగతి. తొమ్మిదో తరగతి లెక్కల్లో నిరూపక జ్యామితి వస్తుంది. అడ్డం ఒక అంకె, నిలువు ఒక అంకె, రెండూ కలిస్తే ఒక బిందువు. ఏడో తరగతిలోనే "పోరుమామిళ్ల మూడు" అని పిలవడం నేర్చిన పిల్లకు అది కొత్త పాఠంగా అనిపించదు. లెక్కల మాస్టార్లు వారానికొక పీరియడ్ దీనికిచ్చి చూడాలి. ఖర్చు రెండు కాగితాలు.

మరో విన్నపం ఇంజనీరింగ్ చదివే పిల్లలకు. నూరు గళ్లు, ఐదు ఓడలు, ఇద్దరు ఆటగాళ్లు, ఒక లింకు. రెండో సంవత్సరం విద్యార్థి ప్రాజెక్టుగా కట్టగలిగినంత పని ఇది. వరసలకు మన ఊళ్ల పేర్లు పెట్టి, "తగిలింది, తగల్లేదు, మునిగింది" అని తెలుగులో పలికేలా, ప్రకటన ఒక్కటీ లేకుండా, రెండో తరం నెట్‌వర్క్ మీద కూడా నడిచేంత తేలికగా ఎవరైనా తయారు చేసి ఊరికే జనానికి ఇవ్వండి. కువైట్‌లో, దోహాలో, మస్కట్‌లో శుక్రవారం సాయంత్రాలు దానికోసం ఖాళీగా ఉన్నాయి.